సీలేరు ఘాట్‌లో డ్రైవరు పీల్చే గాలి

మన్యం గాలి మంచిదని మనందరి నమ్మకం. శీతాకాలం రాగానే మైదానం జనం కార్లు కట్టించుకుని లంబసింగి మంచు చూడటానికి వెళ్లేది ఆ గాలి కోసమే. నమ్మకంలో తప్పు లేదు. అయితే దానివల్ల నష్టపోతున్నవాళ్లు కొందరున్నారు. వాళ్లు ఆ కొండల్లోనే రోజూ బండి నడిపి బతికే డ్రైవర్లు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి, చింతపల్లి, ఆర్వీ నగర్, ధారకొండ మీదుగా సీలేరుకు, అక్కడి నుంచి డొంకరాయి, మోతుగూడెం దాటి చింతూరుకు దిగే దారి ఒకటుంది. ఆ దారిలో ఆర్టీసీ బస్సు నడిపే డ్రైవరూ, సంతరోజున జనాన్ని కిక్కిరిసేలా ఎక్కించుకునే జీపు డ్రైవరూ, కాఫీ బస్తాలో సిమెంటో వేసుకుపోయే లారీ డ్రైవరూ అడవి మధ్యలోనే ఉంటారు. వాళ్లు పీల్చేది మాత్రం అడవి గాలి కాదు. గాలి మంచిచెడ్డలను మనం ఊరిని బట్టి, జిల్లాను బట్టి లెక్కగడతాం. డ్రైవరు విషయంలో ఆ లెక్క పనికిరాదు. అతని ముక్కుకూ పొగ గొట్టానికీ మధ్య ఎన్ని అడుగుల దూరం ఉందన్నదే అసలు లెక్క. వాయు కాలుష్యం గురించి డ్రైవర్లకు అవగాహన కల్పించాలని ఎప్పటినుంచో వింటున్నాం. మన్యంలో ఆ పని ఈ దూరం లెక్క చెప్పడంతో మొదలుకావాలి. కాలుష్యం హైదరాబాదుకో విశాఖకో పట్టిన బెడద అని అనుకున్నంత కాలం సీలేరు డ్రైవరు ఆ ముప్పులో తనను తాను లెక్కేసుకోడు.

ఘాట్ రోడ్డు మీద డీజిల్ బండి ఎందుకు ఎక్కువ పొగ వదులుతుందో డ్రైవర్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగదు, గేరు తగ్గించాలి, యాక్సిలరేటరు గట్టిగా తొక్కాలి. ఇంజనులోకి డీజిల్ ఎక్కువగా వెళుతుంది, దానికి తగినంత గాలి అందదు. సగం కాలిన ఇంధనం మసిగా మారి బయటికొస్తుంది. ఓవర్‌లోడు ఉంటే, నాజిళ్లు పాడైతే, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే ఆ మసి ఇంకా పెరుగుతుంది. మైదానంలో ముందు లారీ పొగ కక్కుతుంటే దాటేసి పోవచ్చు. ఘాట్‌లో మలుపు మీద మలుపు, పక్కన లోయ, దాటే వీలుండదు. కొండ దిగేదాకో, వెడల్పు చోటు దొరికేదాకో దాని వెనకాలే, దాని పొగలోనే నడవాలి. దిగేటప్పుడు పొగ తగ్గుతుంది గాని బ్రేకు లైనింగులు అరిగి సన్నటి పొడి లేస్తుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఈ జాతీయ రహదారి పనులు మొదలయ్యాక మట్టి దుమ్ము కూడా తోడైంది. వేసవిలో పోడు మంటల పొగ ఉంటుంది. చలికాలం ఉదయాన నేల దగ్గర చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. లోయలో వదిలిన పొగ పైకి లేవలేక అక్కడే తిరుగుతుంది. యాత్రికులు ఫొటోలు తీసుకునే ఆ తెల్లటి మంచులో కొంత భాగం బండ్ల పొగ, పొయ్యిల పొగ.

ఇవన్నీ బయటినుంచి వచ్చేవి. డ్రైవరుకు సొంత బండి నుంచి వచ్చేది వేరే ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. మన పాత బస్సుల్లో, లారీల్లో ఇంజను ముందు భాగంలో, డ్రైవరు మోకాలి పక్కనే ఉంటుంది. బానెట్ చుట్టూ రబ్బరు చిరిగితే, సైలెన్సరు గొట్టం జాయింటు దగ్గర కారితే ఆ పొగ మొదట చేరేది అతని దగ్గరికే. కాలిఫోర్నియాలో 2000 తర్వాత స్కూలు బస్సుల మీద ఒక పరీక్ష చేశారు. బస్సు పొగలో ఒక గుర్తు వాయువును కలిపి వదిలి, అదే బస్సు లోపల గాలిని కొలిచారు. బస్సు తన పొగను తానే లోపలికి పీల్చుకుంటోందని తేలింది. పాత బస్సుల్లో అది ఎక్కువ, కిటికీలు మూసినప్పుడు ఇంకా ఎక్కువ. ఈ చివరి మాట మన డ్రైవర్లు గుర్తుంచుకోదగ్గది. కాలుష్యం గురించి పత్రికల్లో వచ్చే సలహాలు చాలావరకు ఏసీ కారులో తిరిగేవాళ్లకు రాసినవి. అద్దాలు ఎక్కించండి, లోపలి గాలినే తిప్పుకోండి అంటారు. కొత్త కారుకు ఆ సలహా సరైనదే. బానెట్ సందుల్లోంచి పొగ కారే బస్సులో అద్దాలన్నీ ఎక్కించుకుని కూర్చుంటే బయటి పొగకు బదులు సొంత బండి పొగ పీల్చినట్టవుతుంది. ముందు లారీ పొగ వదులుతున్నంతసేపు కిటికీ మూసి, దూరం పెరగగానే తీయాలి. ఆ పాత బండికి తగిన సలహా ఇది.

దూరం లెక్క అన్నాను కదా, దానికి ఆధారం ఉంది. 2002లో లాస్ ఏంజెలిస్ రహదారుల పక్కన అతిసూక్ష్మ కణాలను కొలిచినప్పుడు, రోడ్డు అంచున చాలా ఎక్కువగా ఉన్నవి 300 మీటర్ల దూరం వచ్చేసరికి మామూలు గాలిలో ఉన్నంతకు తగ్గిపోయాయి. 2008లో అదే నగరం మీద వచ్చిన మరో అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. అక్కడివారు రోజులో సుమారు 6 శాతం సమయమే బండిలో గడుపుతారు. ఆ కాస్త సమయంలోనే వాళ్లు రోజు మొత్తంలో పీల్చే అతిసూక్ష్మ కణాల్లో 33 నుంచి 45 శాతం దాకా పీల్చేస్తున్నారు. గంటన్నర ప్రయాణానికే అంత వాటా అయితే, ఎనిమిది గంటలు స్టీరింగు ముందు కూర్చునేవాడి సంగతి ఏమిటి? దీనికి ఎవరైనా ఒక అభ్యంతరం చెప్పవచ్చు. లాస్ ఏంజెలిస్ రహదారి మీద రోజుకు లక్షల బండ్లు నడుస్తాయి, సీలేరు దారిలో బండి కోసం గంటలు చూడాలి, రెండింటికీ పోలికేమిటని. న్యాయమైన ప్రశ్నే. మొత్తం మీద చూస్తే విజయవాడ బెంజి సర్కిల్లో ఆటో తోలేవాడి కంటే సీలేరు డ్రైవరు పీల్చే పొగ తక్కువే కావచ్చు. కాని దారిలో బండ్లు తక్కువైనంత మాత్రాన అతని సొంత ఇంజను అతనికి దూరం కాదు. ఆ ఒక్క ఇంజను కొండ ఎక్కేటప్పుడు మైదానంలో కంటే ఎక్కువ మసి వదులుతుంది. ఊరి గాలి బాగుందని డ్రైవరు గాలీ బాగుంటుందనుకోవడం అందుకే తప్పు.

ఇక ఆ గాలి ఒంటికి ఏం చేస్తుందన్నది. పొగ పీలిస్తే దగ్గు వస్తుంది, ఆయాసం వస్తుంది, ఊపిరితిత్తులు పాడవుతాయి. ఇంతవరకు డ్రైవర్లందరికీ తెలుసు. తెలియనిది రెండో సగం. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని కణాలు గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. వాటిలో మరీ సన్నవి రక్తంలోకీ చేరతాయి. రక్తనాళాల్లో వాపు పుట్టిస్తాయి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి, గుండె లయను తప్పిస్తాయి. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ప్రాంతంలో గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డ 691 మందిని ఆరాతీసి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోడ్డు ట్రాఫిక్‌లో గడిపిన తర్వాత గంటలోపు గుండెపోటు వచ్చే అవకాశం దాదాపు మూడింతలుగా కనిపించింది. అది పొగ వల్లేనా, రద్దీ, శబ్దం, ఆదుర్దా వల్లా అని అడగవచ్చు. అన్నీ కలిసే పనిచేస్తాయి. కాని పొగకు అందులో వాటా లేదని చెప్పే వీలు లేదు. క్యాన్సర్ సంగతి ఇంకా స్పష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. పొగాకు ఉన్నది ఆ జాబితాలోనే. ఆ నిర్ణయానికి బలమైన ఆధారాల్లో ఒకటి అమెరికాలో ఎనిమిది గనుల్లో పనిచేసిన 12,315 మంది కార్మికుల ఆరోగ్య చరిత్ర. డీజిల్ యంత్రాల పొగ బాగా ఎక్కువగా పీల్చినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు మూడింతలని తేలింది, అదీ సిగరెట్ల లెక్క విడిగా తీసేశాక.

ఈ రెండో సగం తెలియకపోవడంలో ప్రాణాపాయం ఉంది. ఛాతీ బరువెక్కి, ఎడమ భుజం లాగి, చెమటలు పడితే మనవాళ్లు గ్యాస్ అనుకుంటారు. సోడా తాగుతారు, ఒక మాత్ర వేసుకుని బండి ఎక్కుతారు. పొగకూ గుండెకూ సంబంధం ఉందని తెలిసిన డ్రైవరు ఆ లక్షణాన్ని వేరుగా చూస్తాడు, బండి పక్కకు తీసి ఆపుతాడు. చింతపల్లి నుంచి సీలేరు వైపు ఒకసారి ఘాట్‌లోకి దిగాక మధ్యలో ఆసుపత్రులు వరసగా ఉండవు. వెనక సీట్లలో నలభై యాభై మంది ప్రయాణికులుంటారు. కాబట్టి డ్రైవరు గుండె సంగతి అతని ఇంటివారికే కాదు, ఆ బస్సెక్కే ప్రతి ఒక్కరికీ పట్టాల్సిన సంగతి.

పొగ కన్నా బీడీ, గుట్కా, సారా డ్రైవర్లకు చేటు చేస్తున్నాయి కదా, వాటి గురించి మాట్లాడకుండా గాలి గురించి ఎందుకని కొందరంటారు. మన్యం ఇళ్లలో కట్టెల పొయ్యి పొగ ఇంతకన్నా ఎక్కువని మరికొందరంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. 2019లో మన దేశంలో వాయు కాలుష్యం వల్ల 16.7 లక్షల మంది చనిపోయారని భారత శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందులో బయటి గాలిలోని కణాల వాటా 9.8 లక్షలు, ఇంటి పొగ వాటా 6.1 లక్షలు. కాని ఈ ముప్పుల్లో ఏది పెద్దదో తేల్చి మిగతావాటిని వదిలేయడానికి వీల్లేదు. ఎందుకంటే మూడూ చేరేది ఒకే మనిషి ఒంట్లోకి. పొద్దున ఇంట్లో పొయ్యి పొగ, పగలంతా డీజిల్ పొగ, మధ్యమధ్య బీడీ పొగ. బీడీ తాగే డ్రైవరుకు డీజిల్ పొగ గురించి మరింత గట్టిగా చెప్పాలి, అప్పటికే అతని ఊపిరితిత్తులు సగం బరువు మోస్తున్నాయి గనుక. బీడీ మానమని చెప్పడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం. ఒకటి చెప్పినందువల్ల రెండోది పలచబడదు.

అసలు అవగాహన అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. కాలుష్యం హానికరమా అని అడిగితే ఏ డ్రైవరైనా అవునంటాడు. ఆ జవాబు రాసుకుని అవగాహన ఉందని లెక్కేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. నల్లగా కనిపించేదే పొగ, కనిపించకపోతే గాలి శుభ్రం అనే భావన చాలామందిలో ఉంది. అతి సన్న కణాలు కంటికి కనిపించవని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. తువ్వాలు మట్టి దుమ్మును కొంత ఆపుతుందే గాని డీజిల్ మసిని ఆపదు. బెల్లం ముక్క తింటే దుమ్ము కడిగేస్తుందని పనిచేసే చోట్ల వినిపించే మాట. తిన్న బెల్లం కడుపులోకి పోతుంది, మసి ఉన్నది ఊపిరితిత్తుల్లో. ఇలాంటి నమ్మకాలను ఎగతాళి చేయనక్కర్లేదు. తమను ఎవరూ పట్టించుకోని చోట తమకు తోచిన రక్షణ వెతుక్కున్న మనుషుల ప్రయత్నాలవి. వాటి స్థానంలో పనికొచ్చేది అందించాలి. అది కూడా కరపత్రాల తెలుగులో కాదు. ఇక్కడి జీపు, ఆటో డ్రైవర్లలో కోయ, కువి, ఆదివాసీ ఒడియా ఇంటి భాషగా ఉన్నవాళ్లున్నారు. జీపు స్టాండు దగ్గర, డిపోలో, సంతలో, వాళ్ల మాటల్లో, వాళ్లలోంచే ఒకరు చెబితే అది చెవికెక్కుతుంది.

డ్రైవరు చేతిలో ఉన్న పనులు తక్కువేమీ కాదు. ముందు బండికి ఎడం పాటించడం ప్రమాదం నుంచే కాదు, పొగ నుంచి కూడా కాపాడుతుంది. బస్టాండులో, సంతలో, టీకొట్టు దగ్గర ఇంజను ఆపేయాలి. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయకూడదు. గాలి బ్రేకులున్న బండికి ట్యాంకులో ఎయిర్ ఎక్కేదాకా ఇంజను నడపక తప్పదు, చలికాలం ఉదయాన లంబసింగి, చింతపల్లి ప్రాంతంలో ఇంజను వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది. ఆ కొద్ది నిమిషాలు తప్పనివి. జనం ఎక్కేదాకా అరగంట ఇంజను ఆన్‌లో పెట్టి, ఆ పొగలోనే కూర్చుని ఉండటం తప్పనిది కాదు. ఎయిర్ ఫిల్టరు వేళకు దులిపించడం, మార్చడం, బానెట్ రబ్బరు, సైలెన్సరు జాయింట్లు చూపించుకోవడం బండికీ మంచిది, డీజిల్ కూడా మిగులుతుంది. కాబట్టి ఓనరు కాదనడానికి కారణం ఉండదు. డ్యాష్‌బోర్డు మీది దుమ్మును పొడిగుడ్డతో కొడితే అది మళ్లీ ముక్కులోకే వస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. బ్రేకు డ్రమ్ముల్లో పొడిని గాలి పైపుతో ఊదే అలవాటూ మానాలి. ఎన్95 మాస్కు సరిగ్గా ముఖానికి అతుక్కుంటే సన్న కణాల్లో 95 శాతాన్ని ఆపుతుంది. రోజంతా పెట్టుకుని బండి నడపమనడం జరిగే పని కాదు. రోడ్డు పనులు జరిగే చోట, లారీ వెనక ఇరుక్కున్నప్పుడు పెట్టుకోమనడం జరిగే పనే.

ఇంతదాకా వచ్చాక అన్నిటికన్నా బలమైన అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ట్రిప్పుల లెక్కన కూలి తీసుకునే జీపు డ్రైవరుకు ఈ జాగ్రత్తలన్నీ చెప్పి ఏం లాభం? బండి ఓనరుది, లోడు వ్యాపారిది, సమయం ప్రయాణికులది, పొగ మాత్రం డ్రైవరుది. తన చేతిలో లేనిదాని గురించి తెలియజేసి భయపెట్టడం తప్ప ఒరిగేదేముంది? ఈ మాటలో సగానికి పైగా నిజం ఉంది. అవగాహన సదస్సు పెట్టి ఫొటో దిగి బాధ్యత తీరిందనుకునే అలవాటు మనకు ఉండనే ఉంది. అందుకే డ్రైవరుకు చెప్పే ప్రతి మాటా అతని చేత పని చేయించుకునేవారికి కూడా చెప్పాలి, వాళ్లకు అది సలహాగా కాక కర్తవ్యంగా చెప్పాలి. రవాణా కార్మికుల పని గంటలు రోజుకు 8, వారానికి 48 మించకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. పని గంటలు తగ్గితే పొగ పీల్చే గంటలూ తగ్గుతాయి, కాబట్టి అలాంటి చట్టం కాలుష్య నివారణ చట్టం కూడా. డ్రైవింగ్ లైసెన్సు కోసం డాక్టరు సంతకం చేసే 1ఏ ఫారం కంటిచూపు, రంగుల గుర్తింపు, వినికిడి, అవయవాల పటుత్వం మీద దృష్టి పెడుతుంది. ఊపిరితిత్తుల సత్తువ కొలవమని అడగదు. రవాణా బండ్ల డ్రైవర్లకైనా ఆ కొలత చేర్చాలి. చేతిలో ఇమిడే పీక్ ఫ్లో మీటరులో గట్టిగా ఊదితే నిమిషంలో తేలే పరీక్ష అది. ఆర్టీసీ విషయంలో సాకులకు అసలు తావులేదు. 2020 జనవరి 1 నుంచి ఆ సంస్థ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. సీలేరు బస్సు డ్రైవరు యజమాని ఇప్పుడు నేరుగా రాష్ట్ర ప్రభుత్వమే.

కొత్త బండ్లు వస్తే అంతా సర్దుకుంటుందనేవారూ ఉన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 బండ్లే అమ్ముతున్నారు, డీజిల్‌లో గంధకం పదిలక్షల భాగాల్లో 50 నుంచి 10కి తగ్గింది. ఇది నిజంగా గొప్ప మేలు. ఆ మేలు సీలేరు దారికి చేరడం ఎంత నెమ్మదో అక్కడ తిరిగే పాత జీపులను, లారీలను చూస్తే తెలుస్తుంది. కొత్త బండి వచ్చినా రోడ్డు దుమ్ము, బ్రేకు పొడి అలాగే ఉంటాయి. ప్రభుత్వ ప్రణాళికల చూపూ ఇటు పడలేదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 పట్టణాలున్నాయి. విశాఖ, విజయవాడ మొదలుకొని శ్రీకాకుళం, విజయనగరం దాకా అన్నీ మైదానంలోవే. పీఎం2.5 అనే ఆ సన్న కణాలు ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు మించరాదని మన ప్రమాణం, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. ఆ అంకెలతో పోల్చడానికి ముందు కొండదారి మీద, డ్రైవరు సీటు దగ్గర గాలిని కొలవాలి. సీటు పక్కన ఒక చిన్న సెన్సరు పెట్టి నర్సీపట్నం నుంచి సీలేరు దాకా ఒక బస్సును నడిపితే ఆ పని అవుతుంది. కాలుష్య నియంత్రణ మండలి, ఆర్టీసీ కలిస్తే అందుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

ఇది ఇప్పుడే ఎందుకు జరగాలంటే, సీలేరులో జెన్‌కో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు తలపెట్టింది. 1960లలో ఎగువ సీలేరు కేంద్రం కట్టినప్పటి నుంచీ ఈ దారి కరెంటు కోసం బరువులు మోస్తూనే ఉంది. అంత పెద్ద కట్టడానికి కావాల్సిన సిమెంటు, ఇనుము, యంత్రాలు మళ్లీ ఈ ఘాట్ల మీదుగానే ఎక్కాలి. ఆ లారీలు వరస కట్టకముందే ఈ దారిలో నడిపే ఆర్టీసీ, జీపు, లారీ, ఆటో డ్రైవర్లందరికీ ఒకసారి ఊపిరితిత్తుల, గుండె పరీక్షలు చేయించి ఆ కొలతలు రాసిపెట్టాలి. ఏటా మళ్లీ కొలవాలి. ముందు కొలత లేకపోతే తర్వాత జరిగిన నష్టాన్ని ఏ డ్రైవరూ ఏ అధికారి ముందూ రుజువు చేసుకోలేడు. పాడేరు ఐటీడీఏ, జిల్లా వైద్యారోగ్య శాఖ, రవాణా శాఖ, ఆర్టీసీ, జెన్‌కో ఈ పనిని తమ ప్రణాళికల్లో చేర్చుకోవాలి. ఆ బండ్లు ఎక్కి తిరిగే మనమూ ఆగి ఉన్న బస్సు ఇంజను ఆపమని డ్రైవరు గారిని మర్యాదగా ఒక మాట అడగాలి.